కింది నుంచి నొక్కే మీట

బోరోవ్లె ఊళ్ళో ఒక పనిగది. తుపాకీలోకి మందూ గుండూ ఇంకా మూతి నుంచే వేస్తున్న కాలం. బల్ల దగ్గర మీటలు చేసే ఉర్బన్, పొయ్యి పక్కన అతని తల్లి, గుమ్మంలో అడవి కాపరి ప్రిమోజ్ భార్య లెన్‌కా.

“పోయినసారీ ఇదే అన్నావు, కింది నుంచి పైకా? ఏం మాటలమ్మా లెన్‌కా! తుపాకీ మీట వెనక్కి లాగేది. మా తాత లాగాడు, మా నాన్న లాగాడు. కింది నుంచి పైకి ఎత్తడానికి ఇదేమన్నా తలుపు గడియా?”

“ఆయన వేలు వంగదు అన్నయ్యా. వెనక్కి లాగలేరు. పైకైతే ఎత్తగలరు.”

“ఏ వేలు?”

“ఉన్న వేలు.”

“ఉన్నవేవి? కుడి చెయ్యి మణికట్టు దాకా పోయిందన్నావు. ఎడమ చేతికి బొటనవేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు మిగిలాయన్నావు. అంతేగా?”

“అంతే.”

“ఒరే ఉర్బన్, ఆ పిల్లని లోపలికి రానిచ్చి అడగరా అడిగేదేదో. ఊళ్ళో చలంతా నా పొయ్యి దగ్గరికే వస్తోంది.”

“నేనొద్దన్నానా అమ్మా? మేకని వదిలి రానంటోంది.”

“మేకా? మేకెందుకే?”

“ఉత్త చేతుల్తో ఎలా రాను పెద్దమ్మా? పాలిచ్చేదే.”

“వీడికిస్తావా పాలిచ్చే మేకని! వీడు దానిక్కూడా ఆకురాయి పెడతాడు. ఆ గొలుసుకి కట్టేసి రా. ఉపవాసాల రోజులు, కొవ్వు లేదు. సంకటీ పుల్ల క్యాబేజీ ఉన్నాయి. తింటావా?”

“తర్వాత తింటాను పెద్దమ్మా.”

“తలుపు వెయ్యి.”

“వేశాను. అన్నయ్యా, మీరు చూపిస్తానన్నారు.”

“చూడు. ఇదీ పిస్తోలు. గొట్టం యాకొబ్ చేశాడు, పిడి టీనె చెక్కాడు. ఇద్దరూ ఏమీ పుచ్చుకోలేదు. ఇద్దరూ నాకు పిచ్చెక్కిందనే అన్నారు. ఇదుగో, నిప్పుటోపీ మీద కొట్టే గుర్రం ఇక్కడ. గుర్రానికీ పిడికీ మధ్య ఎంత జాగా ఉందో చూశావా?”

“అక్రోటు కాయంత.”

“అందులో బిగించే మీట ఒకటి పట్టాలి. పేల్చే మీట ఒకటి పట్టాలి. రెంటి మధ్యా స్ప్రింగు. ముందు బిగిస్తే స్ప్రింగు ఒదిగి కూచుంటుంది. ఆ తర్వాత రెండోదాన్ని ముట్టుకుంటే చాలు, గుర్రం పడుతుంది. రైఫిల్లో అయితే దీనికి మూడింతల చోటు ఇస్తాం. ఇక్కడ స్ప్రింగు పొట్టిదైపోయింది. పొట్టి స్ప్రింగుకి రెండే గుణాలు. మొండికేస్తుంది, లేకపోతే విరుగుతుంది.”

“విరక్కుండా మెత్తగా చెయ్యలేరా?”

“చేశాను. ఆ డబ్బాలో చూడు.”

“ఇవన్నీ...”

“అవన్నీ విరిగినవే.”

“స్ప్రింగు విరక్కుండా గొర్రె కొవ్వులో మండించావా? మీ నాన్న గొర్రె కొవ్వులో వేసి ముట్టించేవాడు. మంట దానంతటది ఆరేదాకా ముట్టుకునేవాడు కాదు.”

“గొర్రె కొవ్వులోనేనమ్మా. నువ్వేగా ఇచ్చావు.”

“నేనిచ్చింది పంది కొవ్వు.”

“ఏంటీ?”

“ఉపవాసాల్లో ఎలాగూ తినం, పాడైపోతుందని ఇచ్చాను. నువ్వు అడిగావా ఏ కొవ్వని?”

“రుచి చూసి పని చేస్తానా నేను?”

“మీ నాన్న వాసన పట్టేవాడు.”

“అన్నయ్యా, అయితే గొర్రె కొవ్వులో ఇంకోటి చేస్తే ఆగుతుందేమో?”

“ఆగుతుందని చెప్పను. ఆగదనీ చెప్పను. నీకు ఎంత తేలిగ్గా కావాలి మీట? ఈగ వాలితే పేలేంతా?”

“ఈగ వాలితే పేలకూడదు. వేలు ఆనించి ఒక్క క్షణం ఆగగలగాలి.”

“ఎందుకు ఆగడం?”

“ఊపిరి చూసుకోవాలి కదా.”

“ఎవరి ఊపిరి?”

“ఆయనదే. ఇంకెవరిది?”

“ఊఁ. మరి బిగించేదెవరు? ఆ వేళ్ళతో వాడు బిగించలేడు.”

“నేను. మందు పోసేది నేనే, గుండు దించేది నేనే, నిప్పుటోపీ పెట్టేది నేనే. ఏటా జార్జి పండగ నాడు కాపర్లకి పెట్టే గురి పరీక్షలో ఇదంతా నేను చెయ్యొచ్చని దొర దివాను ఒప్పుకున్నాడు. చేతి కింద ఆసరా పట్టుకుంటానన్నాను, దానిక్కూడా ఒప్పుకున్నాడు. కాల్చేది మాత్రం కాపరే అయ్యుండాలన్నాడు.”

“పిస్తోలు అంటే ఏమీ అనలేదా?”

“గుండు వచ్చి గురి పలకకి తగలాలి, ఏ గొట్టంలోంచి వస్తే నాకేంటి అన్నాడు. నవ్వాడు కూడా.”

“నవ్వాడా?”

“తాగి ఉన్నాడు.”

“తాగినప్పుడు అన్నమాట తాగనప్పుడు గుర్తుంటుందా వాడికి?”

“అక్కడ ఇంకో ముగ్గురు కాపర్లున్నారు. విన్నారు.”

“మిగతా కాపర్లు ఏమంటున్నారు?”

“ఒకడు మా ఇంటి కప్పు ఎన్నేళ్ళ క్రితం వేసిందని అడిగాడు. కారుతుందా అని.”

“వాడి నోట్లో మట్టి పడ! ఎవడే వాడు?”

“వదిలెయ్యండి పెద్దమ్మా. ఆ ఇల్లు దొరది. మాది కాదు.”

“జార్జి పండగ నాడు తగలకపోతే?”

“కాపరి పని పోతుంది, గడ్డి కోతలకి ముందే ఇల్లు ఖాళీ చెయ్యాలి.”

“ఎక్కడికెళ్తారు?”

“మిల్లు వాళ్ళు మా పెద్దమ్మాయిని అడిగారు, పశువుల దగ్గర పనికి. నడిమిదాన్ని సేలె ఊళ్ళో ఎవరో అడిగారు. చిన్నదాన్ని ఎవరూ అడగలేదు ఇంకా. నేను ఎక్కడో ఒకచోట బట్టలుతుక్కుంటాను.”

“ప్రిమోజ్?”

“ఊరి పెద్దలు మాట్లాడుకున్నారట. వంతు వేస్తామన్నారు.”

“వంతా?”

“అవును పెద్దమ్మా.”

“ప్రిమోజ్‌నా? వంతు మనిషిని చేస్తారా? నేను చూశానే వంతు మనుషుల్ని. ఒక్కో ఇంట్లో ఒక్కో వారం. ఆవుల పక్కన గడ్డి, పిల్లలు వదిలేసిన సంకటి. మా చిన్నప్పుడు గ్రెగా అని ఒక ముసలాడు ఉండేవాడు. ఈ ఇంటివాళ్ళు వారం అయిపోయిందని పొద్దున్నే పంపించేశారు. ఆ ఇంటివాళ్ళు మా వంతు రేపట్నుంచి కదా అన్నారు. పాపం, రెండిళ్ళ మధ్యా మంచులో కూచున్నాడు.”

“అమ్మా, చాలు.”

“ఏం చాలు? శవపెట్టె ఎవరు చేయించాలని ఆ రెండిళ్ళవాళ్ళూ మళ్ళీ తగువు పడ్డారు. ఈ పిల్లకి తెలియాలా వద్దా?”

“తెలుసు పెద్దమ్మా. ఆ కథ మా ఇంట్లో కూడా చెప్పుకున్నారు.”

“ఎవరు చెప్పారు?”

“ఆయనే. నాకు చెప్పారు. తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు.”

“లెన్‌కా, నేనొకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ముప్పై ఏళ్ళు అడవిలో తిరిగినవాడు, మందుకొమ్ములోంచి తిన్నగా గొట్టంలోకి పోస్తాడా? ఈ ఊళ్ళో పసిపిల్లల్ని అడిగినా చెప్తారు. కొమ్ములోంచి గరిటెలోకి, గరిటెలోంచి గొట్టంలోకి. గొట్టంలో రవ్వ మిగిలి ఉంటే గరిటెడు మందే అంటుకుంటుంది. తిన్నగా పోస్తే మంట ఎగబాకి కొమ్ము కొమ్మంతా చేతిలోనే పేలుతుంది. వాడు నాకు చెప్పాడే ఇది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వాడికి పదేళ్ళప్పుడు.”

“మిల్లు వాళ్ళ పెళ్ళి కదా. సంబరానికి మనవాళ్ళు ఒకటి పేలిస్తే అవతలి గట్టు వాళ్ళు ఒకటి పేలుస్తున్నారు. వాళ్ళు తొందరపెట్టేశారు. గరిటె ఎక్కడో మంచులో జారిపోయింది.”

“వెతుక్కోవద్దూ?”

“అందరూ ప్రిమోజ్, ప్రిమోజ్ అని అరుస్తున్నారు. పెళ్ళికొడుకు కూడా. వెతుక్కుంటూ కూచుంటే అవతలి గట్టు వాళ్ళు గెలుస్తారు.”

“గెలిచారా?”

“ఆ తర్వాత ఎవరూ పేల్చలేదు అన్నయ్యా.”

“ఇంతకీ పిల్లా, ఎవర్నీ గడప దాటనివ్వట్లేదట నువ్వు. ఫాదర్ గారిని కూడా గుమ్మంలోంచే పంపించేశావట.”

“కట్లు మార్చే వేళకి వచ్చారు.”

“ఆయన చూడని పుండా? చచ్చేవాళ్ళ దగ్గర కూచునే మనిషి.”

“మా ఆయనకి ఎవర్నీ చూడాలని లేదు పెద్దమ్మా.”

“సరే, ఇటు చూడు. నువ్వు చెప్పిన కొలతలకి కర్రతో చెయ్యి చేశాను. బొటనవేలు ఇటు, చివరి రెండు వేళ్ళూ ఇటు. పిడి పెట్టాను. పట్టుకో. ఆఁ. ఇప్పుడు ఉంగరం వేలు తియ్యి. మీట దగ్గరికి పంపించు.”

“...”

“తీశావా?”

“తీశాను.”

“ఏమైంది?”

“పడిపోయింది.”

“చిటికెన వేలు తియ్యి.”

“వద్దు. అదీ పడుతుంది.”

“ఉన్న మూడు వేళ్ళూ పిడి పట్టుకోడానికే సరిపోయాయి. మరి కింది నుంచి ఎత్తే వేలు ఎక్కణ్ణుంచి వస్తుంది?”

“వస్తుంది.”

“ఎక్కణ్ణుంచి?”

“మీరు మీట చెయ్యండి అన్నయ్యా. వేలు సంగతి నేను చూసుకుంటాను.”

“ఎవరి వేలు లెన్‌కా?”

“పెద్దమ్మా, సంకటి పెడతానన్నారు.”

“పెడతాను. నీ వేలేనా?”

“నాదే.”

“అనుకున్నాను. ఆసరా పట్టుకుంటాననగానే అనుకున్నాను.”

“అయితే నాకు చెప్పలేదేం అమ్మా?”

“నువ్వు కర్ర చెయ్యి చెక్కుకుంటున్నావు కదా నాయనా. చెక్కుకోమని ఊరుకున్నాను.”

“లెన్‌కా, నీకు మతి ఉందా? దివాను ఎదురుగా!”

“ఎదురుగా కాదు. దూరంగా కుర్చీలో కూచుంటాడు, మేమంతా ఇటు నిలబడతాం. నా చెయ్యి ఆయన చేతి కిందే ఉంటుంది, ఉండొచ్చన్నాడుగా. ఒక్క వేలు ఇంత పైకి లేస్తే ఎవరికి కనిపిస్తుంది? అందుకే చిన్నదిగా కావాలన్నాను. మీట చుట్టూ కమ్మీ వద్దన్నాను. బార్లీ గింజంత బయటికి ఉంటే చాలు.”

“కనిపిస్తే?”

“ఇల్లు లాక్కుంటారు. ఇప్పుడు ఏం చేస్తున్నారు?”

“జైల్లో పెడతారు నిన్ను. నన్నూ పెడతారు. దాని మీద నా గుర్తు ఉంటుంది.”

“వెయ్యకండి గుర్తు.”

“గుర్తు లేని తుపాకీ ఈ ఊరు దాటదు.”

“అయితే వెయ్యరా. వెయ్యి. వెయ్యనంటే రేపు వాడి వంతు ఈ ఇంటికి కూడా వస్తుంది. వారం రోజులు మన ఆవు పక్కన పడుకుంటాడు. అప్పుడు చూపించు నీ గుర్తు.”

“అమ్మా, నువ్వు కాసేపు—”

“నేను కాసేపేం ఖర్మ, నోరు మూసుకునే ఉంటాను. తినవే పిల్లా, చల్లారిపోతుంది.”

“దివాను సంగతి పక్కన పెట్టు లెన్‌కా. వాడు గుడ్డివాడనుకో, కాసేపు. అయినా ఇది జరిగే పని కాదు. గురి కుదిరేది రెప్పపాటు. చూసేవాళ్ళు ఒకరు, నొక్కేవాళ్ళు ఇంకొకరు అయితే ఎలా? కుదిరిందని నోటితో చెప్పేలోపు గొట్టం తప్పుకుంటుంది. విని నొక్కేలోపు ఇంకా తప్పుకుంటుంది.”

“చెప్పడం, వినడం ఉండదు.”

“మరి?”

“ఊపిరి సగం వదిలి ఆగుతారు ఆయన. తుపాకీ పట్టుకుంటే అంతే. నిద్రలో కూడా కలొస్తే అంతే. అది ఆగినప్పుడు చెయ్యి కదలదు. అప్పుడు నొక్కుతాను.”

“నీకెలా తెలుస్తుంది?”

“పెళ్ళైన దగ్గర్నుంచీ పక్కనే పడుకుంటున్నాను. ఎలా తెలుస్తుందంటే ఏం చెప్పను?”

“లే. ఇటు రా. ఇది పాత పిస్తోలు, లాగే మీటే, కింది నుంచి ఎత్తి చూడ్డానికి ఒక చీల కట్టాను. ఖాళీదే, టోపీ లేదు. నేను ప్రిమోజ్‌ననుకో. చెయ్యి కింద పెట్టు. బిగించు. ఆ మేకు కనిపిస్తోందా గోడ మీద? దాన్ని గురి చూస్తున్నాను. నేనేమీ చెప్పను.”

“ఊఁ.”

“...”

“పడింది.”

“తొందరపడ్డావు. నేనింకా పీలుస్తున్నాను.”

“మీ ఊపిరి నాకేం తెలుసు అన్నయ్యా? మళ్ళీ ఒకసారి.”

“బిగించు.”

“బిగించాను... పడింది. ఇప్పుడు ఎలా ఉంది?”

“ఇది... సరిగ్గానే ఉంది. మేకు మీదే ఉన్నాను.”

“ఒరే, నీ పెళ్ళానికి ఇన్నేళ్ళైనా నీ ఊపిరి తెలీదురా. నువ్వు తుమ్మితే ఉలిక్కిపడుతుంది.”

“నోరు మూసుకుంటానన్నావు కదే అమ్మా!”

“మూసుకునే అన్నాను.”

“లెన్‌కా, మేకు మీద ఉన్నాను కానీ గొట్టం పైకి లేచింది. చూశావా? కింది నుంచి ఎత్తావు, అది కూడా లేచింది. ఇంత దూరానికి పర్లేదు. పలక దూరానికి గుండు పైనుంచి పోతుంది. లేవకూడదంటే మీట తేలిగ్గా ఉండాలి. మరీ తేలికైతే నీ చెయ్యి వణికినా పేలుతుంది. ఆ రెంటి మధ్యా వెంట్రుకంత సందుంది.”

“వెంట్రుకంత ఉందిగా.”

“ఆ పొట్టి స్ప్రింగుతో దాన్ని పట్టుకోవాలి. పట్టుకున్నా ఎన్నిసార్లు ఆగుతుందో నేను చెప్పలేను.”

“మూడుసార్లు ఆగితే చాలు. మూడే గుళ్ళు ఇస్తారు.”

“మరి నువ్వు సాధన చెయ్యొద్దూ? విరిగిందనుకో?”

“ఉత్త వేలితో సాధన చేస్తాను. పిస్తోలు ముట్టుకోను.”

“వచ్చే ఏడు? మళ్ళీ జార్జి పండగ వస్తుంది.”

“వచ్చే ఏటికి పెద్దదానికి పెళ్ళీడు వస్తుంది. చిన్నది నీళ్ళ బకెట్టు మొయ్యగలుగుతుంది. ఎవరో ఒకరు అడుగుతారు. నాకు ఒక్క ఏడాది కావాలి అన్నయ్యా. వాళ్ళని ఒక్క ఏడాది ఒకే కప్పు కింద ఉంచుకుంటాను.”

“కుదురుతుందని నేను అనుకోవడం లేదు.”

“నేనూ అనుకోవడం లేదు.”

“అనుకోకుండానే కొండ దిగి వచ్చావా? మంచులో, మేకతో?”

“ఇంట్లో కూచుని కుదరదనుకోవడం కంటే ఇది నయం అనిపించింది.”

“...చేస్తాను. గొర్రె కొవ్వు తెప్పించు అమ్మా.”

“తెప్పించడం ఎందుకు, ఉంది.”

“ఉందా? అయితే పంది కొవ్వు ఎందుకిచ్చావు?”

“గొర్రె కొవ్వు దీపానికి దాచుకున్నాను. పిల్లా, వెళ్ళేటప్పుడు నీ మేకని తీసుకుపో.”

“అది మీకే పెద్దమ్మా.”

“తీసుకుపొమ్మన్నానా! బయట చీపురు సగం తినేసింది. ఇంకో గంట ఉంటే తలుపు తింటుంది.”

“అన్నయ్యా, ఎప్పటికి అవుతుంది?”

“మట్టల ఆదివారం దాటాక. ముందు ఒకసారి ప్రిమోజ్‌ని తీసుకురా. మీరిద్దరూ ఇక్కడ పక్కపక్కన నిలబడాలి. వాడి భుజం ఎత్తెంతో, నీ చెయ్యి ఎక్కడికి వస్తుందో చూస్తే తప్ప మీట ఎక్కడ పెట్టాలో తెలీదు.”

“ఆయన రాలేరు.”

“బండి పంపిస్తాను.”

“వద్దు.”

“మంచు కరిగాక పంపిస్తాను.”

“వద్దన్నయ్యా.”

“అయితే నేనే పైకి వస్తాను. ఆదివారం.”

“రావద్దు.”

“నేను కాదా వాడి పెళ్ళికి గుర్రం పట్టుకున్నది? నా మొహం చూడ్డానిక్కూడా సిగ్గేంటి వాడికి?”

“కొలతలు నేను తెచ్చాను. దారంతో ముళ్ళు వేసి తెచ్చాను. ఇది భుజం నుంచి మణికట్టుకి. ఇది నేల నుంచి భుజానికి. ఇది నా భుజం. ఇంకేం కావాలో అడగండి, చెప్తాను.”

“దారంతోనా? సరే. ఇలా ఇవ్వు. ఇది భుజం... ఇది నీది... వాడి పక్కన నువ్వు ఇక్కడికి వస్తావు. తల వాడి భుజానికి ఆనుతుంది నీకు.”

“ఆనాలి.”

“ఆనితే వాడి చెయ్యి బరువెక్కదా?”

“ఆనాలి అన్నయ్యా.”

“నీ ఇష్టం. ఇంకొక్కటే. టీనె పిడి ఇంకా అతికించలేదు. గొట్టం మీది గురి ముక్క కంటికి తిన్నగా రావాలంటే పిడి ఒక పక్కకి కొద్దిగా వంచాలి. ప్రిమోజ్ ఏ కంటితో చూస్తాడు? కుడా, ఎడమా? నాకు గుర్తు లేదు.”

“ఆ దారాలు జాగ్రత్త అన్నయ్యా, ముళ్ళు ఊడిపోతాయి.”

“కుడి కన్నా, ఎడమ కన్నా?”

“నాది కుడి కన్ను.”

“నీది కాదమ్మా. నొక్కేది నువ్వు, గురి చూసేది వాడు. నేను అడిగింది వాడిది.”

“ఆ కొమ్ము పేలినప్పుడే ఆయనవి రెండూ పోయాయి అన్నయ్యా, పిల్లలకి కూడా చెప్పలేదు. పిడి నా కుడి కంటికి వంచండి.”